అత్త మళ్లించిన నీళ్లు

మా అత్త శవపెట్టెను భుజాల మీద మోసుకొని మేము సమాధుల దొడ్డికి పోయిన సాయంత్రమే, మా ఇళ్ల యజమాని కూలీలను పంపి ఆమె పెరట్లో నీళ్ల కాలువను రాళ్లతో పూడ్పించాడు. స్నానాల బండను గడ్డపారలతో లేపించి, వీధి మోరీ పక్కకు ఈడ్పించాడు. ఆమె మీద పోసిన మట్టి ఇంకా మా చేతులకు అంటుకొనే ఉంది. కడుక్కుందామని ఇంటికి వస్తే కడుక్కునే చోటే లేదు.

ఇది మొన్న గురువారం జరిగింది. అదే రోజు పొద్దున మా అత్త కన్నుమూసింది. ఒక్క పూట కూడా ఆగలేకపోయాడు ఆ యజమాని.

పోయినవాళ్లను గురించి రాసేటప్పుడు మెత్తని మాటలతో మొదలుపెట్టాలని నాకు తెలుసు. ఆ మాటలు ఇప్పుడు నా దగ్గర లేవు. నేను బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. అక్షరాలు పొట్లం కాగితాల మీద నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆమె ఎవరో తెలిస్తే తప్ప, ఆ కాలువను పూడ్చడం ఎంత పాపమో మీకు అర్థం కాదు.

ఆమె మా నాయనకు అక్క. మిషన్ దవాఖానలో రోగుల పక్కబట్టలు ఉతికేది. మొగుడు తొందరగానే పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మానాయనలు పోయాక నన్ను తెచ్చుకొని పెంచింది. మేనత్త కదా, నన్ను ఆటపట్టించకుండా ఆమెకు పొద్దు పోయేది కాదు. "నాకు బిడ్డ లేకపాయె అల్లుడా, లేకుంటే నీకు అంటగడుదును. నువ్వు బతికిపోయినవ్, అది బతికిపోయింది" అని పదిమందిలో అనేది. నేను మొహం మాడ్చుకుంటే ఇంకా నవ్వేది.

ఖిలా వరంగల్ పోయే బాట పక్కన ఒకే కప్పు కింద వరసగా గదులు, అవే మా ఇళ్లు. గదుల వెనక సన్నటి పెరడు. మేము అద్దెకు దిగినప్పుడు అది పెరడు కాదు, పెంకులూ బూడిదా పోసే దిబ్బ. "బాగుచేసుకొని వాడుకోరాదే" అన్నాడు యజమాని. అత్త బాగుచేసింది. అందరిలాగే గుమ్మం దగ్గర మల్లె పెట్టింది, దూరంగా కూరమళ్లు చేసింది. బావి నుంచి కడవలతో తెచ్చి పోసింది. ఆ ఎండాకాలం బావి అడుగంటింది. ఇంటికి తాగడానికి, వండడానికి, ఒళ్లు కడుక్కోవడానికి తప్ప చేదుకోవద్దన్నారు. నెల తిరగకముందే కూర మొత్తం ఎండి గలగలమంది. మల్లె మోడు ఒక్కటే మిగిలింది.

ఎవరైనా వానల దాకా ఆగుతారు. మా అత్త ఆగలేదు. పెద్ద యుద్ధం నడుస్తున్న లడాయి రోజులవి. బజారులో గింజలకే కరువు, ఇక కూరల ధర అడగాలంటే భయం. మిట్టమధ్యాహ్నం కొంగు నెత్తిన వేసుకొని పెరట్లో చేరగిలబడి కూర్చునేది. నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసేది. నీళ్లు ఒలికిస్తే ఏ దిక్కుకు జారుతాయో చూసేది.

"ఎండల తోట సదురుతాన్నవా అత్తా? మతి గిన పోయిందా?" అన్నాను.

"వానల్ల అన్ని చెట్లు మంచిగనే కనిపిస్తయిరా. ఏది యాడ ఉండాల్నో ఎండనే చెప్తది. జర గడ్డపార పట్టు."

అప్పటిదాకా వరసలో అందరూ స్నానం చేసే చోటు పల్లపు మూలన, మోరీ పక్కన ఉండేది. ఒంటి మీద పోసుకున్న ప్రతి చెంబూ వీధిలోకి పోయేది. అత్త తన కోసం ఒక వెడల్పాటి బండను పెరట్లో ఎత్తైన చోట, పడమటి గోడ కింద వేయించింది. దాని మీదికి దొండపందిరి కట్టింది. బండ కింద గులకరాళ్ల గుంత, దాని చుట్టూ చామదుంపలు. గుంతలోంచి కాలువ. కాలువ ముందు అరటి పాదుల్లోకి పోవాలి, తర్వాత పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర మళ్లలోకి. చిట్టచివర మల్లె. మల్లె మోడును పెకలించి కాలువ చివరకు మార్చింది, తక్కినవన్నీ తడవకు కొంచెం కొంచెంగా కొత్తగా నాటింది. నేను ఆదివారాలు ప్రార్థన గుడి నుంచి రాగానే తవ్వేవాణ్ణి. ఎక్కడ తవ్వాలో ఆమె బూడిదతో నేల మీద గీతలు వేసేది.

మా పక్క గదిలో వడ్రంగి కుటుంబం. ఆయన తల్లిని అందరూ వడ్ల అవ్వ అంటారు. ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది:

"ఏందే బట్టలామె, ముగ్గులు పెడ్తాన్నవ్? మీ పాదిరి చూస్తే సంఘం నుంచి ఎల్లగొడ్తడు."

"ముగ్గు కాదవ్వా, నీళ్లకు తొవ్వ. గీత గీయకుంటే నీ లెక్క యాడపడితే ఆడ తిరుగుతయి."

"నా తిరుగుడు నీకేం బరువయిందే!" అని అవ్వ లోపలికి పోయింది. పోయిందే గాని కిటికీ దగ్గరే ఉంది.

తోట దిద్దడం అయిపోయింది. నీళ్లు చాలలేదు. మేము ఇద్దరం స్నానం చేస్తే ఆ నీళ్లు చామగుంత దాటేవి కావు. వరసలో ఉన్నవాళ్లంతా ఆ బండ మీద స్నానం చేస్తే చాలు, మల్లె దాకా పారతాయి. అత్త గది గదికీ పోయి అడిగింది. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో దాచిపెట్టను. మేము కిరస్తానీలం. కిరస్తానీలం కాకముందు మా వాళ్లు ఊరికి ఏ దిక్కున ఉండేవాళ్లో అందరికీ తెలుసు. ఆ దవాఖాన బట్టలు ఉతికే చేతులు వేసిన బండ మీద కాలు పెట్టరు. కోపంతో నా ఒళ్లు మండింది. అత్త మాత్రం కోప్పడలేదు. దొండతీగను పందిరి మీదికి ఎక్కిస్తూ కూర్చుంది.

రోహిణి ఎండల్లో పెంకుల కింద గదులు కుమ్మరి ఆవంలా మండాయి. వడ్ల అవ్వ మనుమడు అప్పుడు నెలల పిల్లవాడు. ఒళ్లంతా చెమటకాయలు, ఒకటే ఏడుపు. ఒక మధ్యాహ్నం అవ్వ పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చి, దొండపందిరి నీడ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. వరస మొత్తంలో ఆ పూట నీడ అదొక్కటే.

అత్త తల ఎత్తకుండానే అంది: "నీడకేం పట్టింపు ఉంటదవ్వా? పొద్దు తిరిగితే అదే నీ గుమ్మం కాడికి వస్తది. గప్పుడు ఎల్లగొడ్తవా?"

"బాగ నేర్చినవే మాటలు" అని అవ్వ గొణిగింది. పిల్లవాడు మళ్లీ గుక్కపట్టాడు. అవ్వ ఇక అటూ ఇటూ చూడలేదు. బండ మీద కూర్చొని రెండు కాళ్లూ చాపింది. ముంగాళ్ల మీద పిల్లవాణ్ణి బోర్లా పడుకోబెట్టింది. కోడలు నీళ్లు తెచ్చి ఇస్తే, అవ్వ వీపు రుద్ది, ముక్కు లాగి, కాళ్లూ చేతులూ సాగదీసి మా ఊళ్లో ముసలమ్మలు పోసినట్టే నీళ్లు పోసింది. వాడు ఏడుపు మాని నిద్రలోకి జారాడు. ఆ నీళ్లు చామగుంత దాటాయి. అత్త నడుము వంచి కాలువ వెంబడి నీళ్లతో పాటే నడిచింది.

"అరటి దాక వచ్చినయ్!" అని అక్కడి నుంచి కేక పెట్టింది.

"నా మనుమడి నీళ్లు తాగి నీ అరటి ఎంత గెల ఏస్తదో చూస్త."

"సగం గెల వానిదేనవ్వా. పండ్లు రానీ ముందు, వానికీ, దానికీ!"

మర్నాడు వడ్రంగి కూడా ఆ బండ మీదే స్నానం చేశాడు. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. అత్త ఒక్కటే కట్టుబాటు పెట్టింది: బండ మీద నీళ్లు పోసుకున్న ఇల్లు ఆ పూటకు కూర కోసుకోవచ్చు. అడగక్కర్లేదు. "నీ నీళ్లే నువ్వు తింటాన్నవ్, నాకెందుకు చెప్పుడు?" అనేది. మా ఇంటికి వచ్చిన చుట్టాలను సైతం కాళ్లు ఇంకెక్కడా కడుక్కోనిచ్చేది కాదు. ఒకసారి పాదిరి గారినే కాలువ దగ్గరికి నడిపించింది. ఆయన పంచె ఎత్తిపట్టుకొని, తోటకూరకు దీవెన ఇచ్చినట్టు నిలబడ్డాడు.

అంతా ఆమె అనుకున్నట్టే జరగలేదు. నీళ్ల మీద ఆశ కొద్దీ ఆమె ఒక పొరపాటు చేసింది. బట్టలకు సవుడు మట్టి పెట్టి ఉతికిన నీళ్లు కూడా కాలువలోకి వదిలింది. జన్మంతా దవాఖానలో ఆ సవుడు నీళ్లను మోరీలో పారబోసిన మనిషి. మురికి కాబట్టి పారబోస్తున్నారనుకుంది. మొక్కకు మురికి మంచిదే కదా అనుకుంది. పుంటికూర మడి అంచుల నుంచి మాడుతూ వచ్చి నిలువునా కాలిపోయింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. మడి పక్కన కూర్చొని తన అరచేతులు చూసుకుంది. ఏళ్ల తరబడి సవుట్లో నానిన చేతులు, పగుళ్లు పట్టి తెల్లబడ్డ చేతులు.

"మురికి కాదురా కాల్చేది. మురికిని పోగొట్టే మందే కాలుస్తది. నా చేతులు చూసుకోనన్న తెలుసుకోకపోతి" అంది.

ఆమె మాడిన మడిని తవ్వి మట్టి మార్చింది. ఉతుకుడు బండను పల్లంలో వేరుగా వేసి, ఆ నీళ్లను మోరీ దారి పట్టించింది. నాలుగు ఇళ్ల ఆడవాళ్లకూ ఏ నీళ్లు ఎటు పోవాలో నేర్పింది.

తర్వాత ఎండాకాలాల్లో వరంగల్ మొత్తం బొగ్గులా ఉంటే మా పెరడు పచ్చగా ఉండేది. అత్తకు పొద్దున లేవగానే ప్రార్థన, ఆ తర్వాత చామగుంత దగ్గర వంగి వాసన చూడటం. నీళ్లు నిలిచి ఉంటే పుల్లతో కెలికి పారించేది. దవాఖానకు పోయేటప్పుడు కొంగులో మల్లెలు మూటకట్టి తీసుకుపోయేది. ఎవరి కోసమని అడిగితే, "పక్కబట్టలు మార్చేటప్పుడు తలాపున మెత్త కింద ఒకటి పెడ్త. ఎవలు పెట్టిన్రని రోగులకు తెల్వది. గంతే" అంది.

యజమాని ఒక వేసవిలో అద్దె కోసం వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. చల్లటి నీళ్లు తాగాడు. అరటి గెలను చూసి, "బంగారం చేసినవే ముసలమ్మా. ఈ దొడ్డి ఇంక నీదే అనుకో" అన్నాడు.

"నాదెట్లయితది సేటూ? నీళ్లు పోసినోళ్లందరిది" అంది మా అత్త.

వరసంతా విన్నారు ఆ మాట. యజమాని తల ఊపాడు. అది కూడా అందరూ చూశారు.

ఈ ఎండాకాలం ఆమెకు వడదెబ్బ తగిలింది. దవాఖాన నుంచి మధ్యాహ్నం నడిచి వచ్చి పడిపోయింది. జ్వరం దిగలేదు. లోపల ఉండనంది. మంచం పందిరి కిందే వేశాము. కళ్లు తెరిచినప్పుడల్లా ఒకటే అడిగేది.

"ఎంతదాక వచ్చినయ్‌రా నీళ్లు?"

"కూరమడి దాక వచ్చినయ్ అత్తా."

"ఇంక మల్లె దాక రావాలె. వడ్లాయన తానం చేసిండా?"

"ఇప్పుడే చేస్తాండు."

"జర ఎక్కువ పోసుకొమ్మను" అంది. నవ్విందనుకుంటాను. తెలివి ఉండగా ఆమె నాతో అన్న చివరి మాట అదే. మరుసటి పొద్దున పోయింది.

సాయంత్రం సమాధుల దొడ్డి నుంచి తిరిగి వచ్చేసరికి యజమాని గుమాస్తా మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ధాన్యం బండ్లు నిలపడానికి అక్కడ కొట్టం కడతారట.

"దొడ్డి ముసల్దానికిచ్చిన్రు. ముసల్ది పోయింది. ఇగ మీకేం పని?" అన్నాడు. "నీళ్లు నిలిచి దోమలైతానయ్" అని కూడా అన్నాడు.

నేను మీదికి పోబోయాను. నాకంటే ముందు వడ్ల అవ్వ అందుకుంది. "దోమలా? నీ నోట్ల ముసిరినట్టున్నయ్, దులుపుకో! నా మనుమడు పెరిగిన బండరా అది. పీనుగ లేసిన ఇల్లురా ఇది. నీ ఇంట్ల ముసలోళ్లు లేరా?" గుమాస్తా గొడుగు తీసుకొని పోయాడు.

ఆ రోజు నుంచి వరసలో ఆడవాళ్లు తమ గదుల్లోనే గంగాళాల్లో నిలబడి స్నానం చేస్తున్నారు. ఆ నీళ్లను బిందెలకు ఎత్తుకొని, చంకన పెట్టుకొని, పొద్దు వాలేటప్పుడు ఒకరి వెనక ఒకరు పెరట్లోకి వస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో పాదులో ఒంచి వెనక్కి పోతున్నారు. అరటి ఆకులు అంచుల్లో చీలి వేలాడుతున్నాయి. తోటకూర తల వాల్చింది. మల్లె దగ్గరికి వచ్చేసరికి బిందెల్లో చుక్క ఉండటం లేదు. ఇంకొన్ని రోజులు ఇట్లాగే పోతే, ఈ వరసలో పిల్లల ముద్దలోకి కూర ఉండదు. వాళ్ల కోసం ఆమె ఎండలో కూర్చొని గీసిన గీత ఒక్కటీ మిగలదు.

అందుకని ఆ యజమానిని అందరి ముందు అడుగుతున్నాను. ఆయన ఈ పత్రిక తెప్పించుకుంటాడు, చదువుతాడు. కాలువలో పోయించిన రాళ్లు తీయించు. బండను తెచ్చి పందిరి కింద ఎట్లా ఉన్నదో అట్లా వేయించు. దొడ్డి, నీళ్లు పోసినవాళ్లందరిదని నీ ఎదుట మా అత్త అన్న మాటకు తల ఊపావు. ఆ మాట మీద ఉన్నావో లేవో వచ్చి చెప్పు. గుమాస్తాను పంపొద్దు. నాకొక్కడికి చెప్పొద్దు. పెరట్లో నిలబడి, వరసంతా వినేట్టు చెప్పు.

వచ్చే ఆదివారం పొద్దు గూకేదాకా చూస్తాం. నీ జవాబు రాకపోతే సోమవారం పొద్దున ఆ రాళ్లు మేమే తీస్తాం.