గోడకెక్కాల్సిన ఫొటో

మా మేనత్త బుల్లమ్మకు చావంటే భయం లేదు. చచ్చాక గోడకెక్కే ఫొటో అంటేనే భయం. మా నాయనమ్మ పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేక, ఓటరు కార్డులోని బొమ్మనే పెద్దది చేయించి దండ వేశాం. ఆవిడ నాయనమ్మే అని చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఆరోజే అత్త తన ఆధార్ కార్డు తీసి చూసుకుంది.

"దొంగతనం సేసి దొరికిపోయిన మొకంలాగున్నాది. ఇది గోడెక్కితే నానొప్పుకోను," అంది.

"పోయాక నువ్వెలా సూస్తావత్తా?"

"నువ్వు సూస్తావు కదరా!"

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. మావ కూర్మయ్య సముద్రం మీద చేపల వేటకెళతాడు. అత్త నెత్తళ్ల చేపలు ఎండబెట్టి ఊరూరా తిరిగి అమ్ముతుంది. ఆమె దగ్గర వాడుకగా కొనే ప్రిస్కిల్లా, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడాది మార్చిలో ఆవిడ ఇంటి అటక సర్దుతుంటే, ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చిపోయిన పోలరాయిడ్ కెమెరా బయటపడింది. నొక్కిన వెంటనే ఫొటో బయటికొచ్చే రకం. ఆవిడ కొడుకు బెన్హర్ ఎక్కడెక్కడో వెతికి ఒక్క ఫిల్ము డబ్బా తెప్పించాడు. అందులో ఎనిమిదే ఫొటోలు. మళ్లీ దొరకదన్నాడు.

ప్రిస్కిల్లాకు చేతులు వణుకుతాయి. ఓ ఆదివారం చర్చి అయ్యాక కెమెరా పట్టుకుని మా ఊరొచ్చి, "నువ్వు తియ్యి బుల్లమ్మా, ఇద్దరం నేర్సుకుందాం," అంది.

అత్త మొదట ఆవిడనే తీసింది. కెమెరా గుర్రుమని ఓ తెల్లకాగితాన్ని బయటికి తోసింది.

"ఏటిది, బొమ్మేదీ?"

"వస్తాది. దొరసాని ఇలా ఊపీది."

అత్త ఊపింది. వేలితో తాకి చూసింది. "తడిగున్నాది సిస్టరమ్మా," అంది. తడి వస్తువును ఏం చెయ్యాలో మా అత్తకు ఒకరు చెప్పాలా? వల మీద నెత్తళ్ల వరసలో పరిచి, గాలికి లేవకుండా గులకరాయి పెట్టింది. కాకిని తోలింది. కాసేపటికి చేపను తిప్పినట్టు రెండోవైపుకూ తిప్పింది. చివరికి కాగితం సున్నం కొట్టిన గోడలా మిగిలింది.

"ఎండ పడ్డంలేదు. అయితే ఐసు," అని మావను తీసిన రెండోది చేపల ఐసుపెట్టెలో పడేసింది. ఫొటోలో మావ నీలంగా పాలిపోయి తేలాడు.

"సముద్రంలోంచి తీసిన సవంలాగున్నాను, ఏటే ఇది?" అని మావ గొడవపెట్టుకున్నాడు. మూడోదాన్ని చీర మడతలో, రొండిన దోపింది. ఒంటి వేడికి అది ఆవకాయ రంగు తేలింది. పైగా నన్ను దగ్గర్నుంచి తీసిందేమో, తల లేదు. కన్ను పెట్టి చూసే కంతకు కనబడేదీ, కెమెరా చూసేదీ ఒకటి కావని అప్పుడు తెలిసింది.

నాకు ఒళ్లు మండింది. "అన్నీ తగలేస్తన్నావు, ముందు నీది తీయించుకోవత్తా!"

"నాది పాడైపోతే? మీయన్నీ పాడుసేసి నేర్సుకుంటాను. అప్పుడు నాది."

ఆ ధైర్యం చూస్తే కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఒకసారి గుడ్డ కప్పింది, ఒకసారి మంచం కింద దాచింది, ఒకసారి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆఖరికి తాగే నీళ్లకుండ కింద ఎప్పుడూ తడిగా ఉండే ఇసుకలో స్టీలు టిఫిను గిన్నె పాతి, ఫొటోను అందులో బోర్లించి మూత పెట్టింది. కాసేపాగి తీస్తే ప్రిస్కిల్లా ముఖం, నెరిసిన పాపిడితో సహా, చక్కగా వచ్చింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

ఇక మిగిలింది ఒక్కటే.

అత్త తలస్నానం చేసి, చిలకపచ్చ చీర కట్టి, చేపల తొట్టె బోర్లించి దాని మీద కూర్చుంది. నేను కెమెరా కోసం చెయ్యి చాపాను. "నువ్వు కాదు, మీ మావ," అంది. మావ అంతవరకూ దాన్ని ముట్టుకోనైనా లేదు.

"ఎనక్కెల్లయ్యా, తల తెగిపోద్ది. ఇంకా ఎనక్కి!"

వెనక్కి వెళ్లి వెళ్లి మావ నెత్తళ్ల మీద కాలేసి జారబోయాడు. అత్త పకపకా నవ్వింది. మావ నొక్కేశాడు.

దాన్నీ గిన్నెలో బోర్లించి మూత పెట్టి, కాసేపాగి తీశాం. ఫొటోలో అత్త నోరారా నవ్వుతోంది, ఊడిన పన్నుతో సహా. తలా తెగలేదు, రంగూ చెడలేదు. అత్త చాలాసేపు చూసుకుంది.

"ఇదేరా. గోడకిదే."

మావ దాన్ని మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని, వేటకెళ్లేటప్పుడు బీడీలు, అగ్గిపెట్టె దాచుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

"ఏటయ్యా అది? గోడకని సెప్తంటే!"

"గోడకెందుకే? ముందు నువ్వే పోతావని ఎవుడు సెప్పాడు? సముద్రంలోకెల్లీవోణ్ణి నాను. ఇది నాతోటే ఉండనీ."

అత్త లేచి, మావ చేతిలోంచి కవరు లాక్కుని, దాని మీద ఇంకో కవరు తొడిగి, గట్టిగా ముడేసి తిరిగి ఇచ్చింది.

"నీల్లు దూరతాయి," అంది.