కంటిపాప సాక్ష్యం

పోయినవాళ్లంతా మంచివాళ్లేనన్న మాట శవాల గది డాక్టరమ్మ దగ్గర చెల్లదు. మర్యాద మాత్రం తప్పదు. "కాస్త చల్లగా ఉంటుంది, ఓర్చుకోండి," అంటూ ఒక కంట్లో చుక్కలు వేసి, రెండోదాన్ని పోలికకు వదిలేస్తుంది. ప్రాణం పోయినా కంటిపాప కొన్ని గంటలపాటు మందుకు విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరి మాటా వినదు.

ఆవేళ బల్ల మీద ఒక ముసలాయన. తలుపవతల ఆయన కూతురు తమ్ముడి భార్యను దులిపేస్తోంది: "నిన్ననే పోయుంటాడు. నువ్వు తొంగి చూస్తేగా?"

"పొద్దున కూడా నన్ను తిట్టారు వదినా," అని కోడలు ఏడుస్తోంది.

డాక్టరమ్మ జారే కళ్లద్దాలను మోచేత్తో ఎగదోసుకుంటూ కాచుకుంది. చుక్కలు పడిన కంటిపాప బద్ధకంగా విచ్చుకుంది.

బయటికొచ్చి, "పొద్దుటిదాకా బతికే ఉన్నారమ్మా," అంది.

"బతికుంటే తిట్టే ఉంటాడులే," అని కూతురు మరదలి పక్కన చతికిలబడింది.