మీటరుకు తెలిసిన నా స్నానాలు

ఆ రోజుల్లో ఒకరిని చూసి ఒకరు కుళ్ళుకోవడానికి ఇప్పుడున్నన్ని సదుపాయాలు ఉండేవి కావు. ఎవరి కారో, ఎవరి కొత్త ఇల్లో ఫోనులో చూసి ఇంట్లో కూర్చుని ఉడుక్కునే వీలు లేదు. కుళ్ళుకోవాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాలి, అతని మంచితనం రోజూ కళ్ళారా చూడాలి. ఆ కష్టమంతా నేను పడ్డాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అరకులో ఒక కాఫీ కొనుగోలు కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తుండగా ఒకతని మీద కలిగినంత అసూయ నాకు మళ్ళీ ఎవరి మీదా కలగలేదు (మా తోడల్లుడి మీద కలిగింది గానీ, అది చుట్టరికంలో భాగం కనుక లెక్కలోకి రాదు).

నాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. బి.కాం. పాసై, కొండమీద ఉద్యోగమంటే అక్కడ చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాననీ, ప్రతి పనికీ నన్నే పిలుస్తారనీ ఊహించుకుంటూ ఘాటు రోడ్డు ఎక్కాను. తీరా వెళ్ళేసరికి అక్కడ ఐటీఐ ఉన్నాడు. అది అతని పేరు కాదు. పెదబయలు వైపునుంచి వచ్చి, మిషన్ బడిలో చదువుకుని, ఐటీఐలో కరెంటు పని నేర్చుకున్నాడు కనుక అందరూ అలా పిలిచేవారు. నా ఈడువాడే. ఫ్యూజు పోతే ఐటీఐ, తాళం ఇరుక్కుంటే ఐటీఐ, మేనేజరుగారి కళ్ళజోడు స్క్రూ ఊడితే ఐటీఐ. ఆదివారాలు చర్చిలో పాటలు కూడా అతనే పాడతాడట. ఒకసారి నా రేడియో మూగబోతే అడక్కుండానే తీసుకెళ్ళి బాగుచేసి తెచ్చాడు. కొన్ననాటికంటే బాగా పలికింది. ఆ రోజునుంచి నేను రేడియో వినడం మానేశాను.

ఆ ఏడు మా ఆఫీసు భవనాన్ని బాగుచేయించారు. కింద మేము, పైన అద్దెకున్న రెండు చిన్న ఆఫీసులు. అంతకుముందు అందరికీ కలిపి, లోపల చక్రం తిరిగే పాత మీటరు ఒక్కటే ఉండేది. చెమ్మపట్టిన గోడలు గీకించి, వైర్లన్నీ మార్పించి, బాత్రూముకు తెల్లటి టైల్సు వేయించాక, ఎవరి ఆఫీసుకు వాళ్ళకి కొత్త ఎలక్ట్రానిక్ మీటరు వచ్చింది. అందులో చక్రం లేదు. అద్దం వెనుక అంకెలు, పక్కన మిణుకుమిణుకుమనే ఎర్రదీపం. మేనేజరుగారు మమ్మల్నందరినీ దాని ముందు నిలబెట్టి ఆ మీటరు ప్రత్యేకతలు ఒక్కొక్కటే వివరించారు. నేను వినలేదు. వివరిస్తున్నంతసేపూ ఆయన చెయ్యి ఐటీఐ భుజం మీద ఉంది. నా చూపంతా ఆ చేతిమీదే ఉండిపోయింది.

చివర్లో చెప్పిన మాట మాత్రం వినబడింది. బిల్డింగ్ ఇన్‌ఛార్జిగా ఐటీఐ, నేను, మా ఇద్దరిలో ఒకర్ని వేస్తారట. మేడమీద కొత్తగా కట్టిన చిన్న గది ఆ ఇన్‌ఛార్జికి ఉండడానికి ఇస్తారట! జీతం పెరుగుతుందో లేదో నేను అడగనే లేదు. నాకు కావలసింది ఆ గది. అప్పట్లో నేనుండేది రేకుల కింద. చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున రేకులనుంచి మంచునీళ్ళు బొట్లుబొట్లుగా దుప్పటిమీద పడేవి. స్నానానికి వాకిట్లో తొట్టి ఉండేది. దాంట్లో చెంబు ముంచితే వేళ్ళు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవలసి వచ్చేది.

ఐటీఐ చేతిలో అంత పనితనం ఉండగా నా దగ్గరేముందంటే, పెందలాడే రావడం. ఆఫీసు తాళం నా దగ్గరే ఉండేది. మేనేజరుగారు తొమ్మిదింటికి వచ్చేసరికి నేను తల నున్నగా దువ్వుకుని, విభూతి పెట్టుకుని, కాఫీ గింజల నమూనాలు వరసగా పేర్చి కూర్చునేవాణ్ణి. "ఈ చలిలో కూడా ఆరింటికే ఆఫీసు తెరుస్తున్నాడయ్యా, చూసి నేర్చుకోండి" అని ఆయన అందరి ముందూ అంటే ఐటీఐ వైపు ఓరగా చూసేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే నేను వచ్చేది ఆరింటికి కూడా కాదు, ఐదున్నరకే. సంచిలో నీళ్ళు కాచే రాడ్డు తెచ్చుకునేవాణ్ణి. తెల్లటి టైల్సు బాత్రూములో బకెట్టు పెట్టి, రాడ్డు వేసి, నీళ్ళు పొగలు కక్కేదాకా కాచుకుని స్నానం చేసేవాణ్ణి. ఒక్కోరోజు రెండు బకెట్లు. నా క్రమశిక్షణ అంతా ఆ వేణ్ణీళ్ళలోనే ఉంది.

రెండు నెలలు గడిచాక మేనేజరుగారికి ఒక అనుమానం వచ్చింది. వైర్లు కొత్తవి, దీపాలు కొత్తవి, అరకులో ఫ్యాన్ల అవసరమే లేదు, మరి కరెంటు ఇంత ఎందుకు కాలుతోంది? ఆయన ఈ మాట అనగానే నా మనసు ఎగిరి గంతేసింది. నా రాడ్డు ఒక్క క్షణం కూడా గుర్తుకు రాలేదు. (నిజం చెబుతున్నాను. కుళ్ళు ముదిరితే మనిషికి తన తప్పులు కనబడవు.) మీటర్ల పెత్తనం ఐటీఐది, వైరింగు దగ్గరుండి చేయించింది ఐటీఐ. కాబట్టి తప్పు ఐటీఐదే.

"నాకెందుకో వైరింగులోనే లోపం ఉందనిపిస్తోంది సార్. ఒకరిమీద చెప్పకూడదు గానీ, ఐటీఐకి అనుభవం తక్కువ కదా. మీటరు పెట్టిన ఇంజనీరుగారినే పిలిపించండి, అంతా బయటపడుతుంది" అన్నాను. ఎంత బాధ్యతగల మనిషి అన్నట్టు మేనేజరుగారు నావైపు చూశారు.

విశాఖపట్నం నుంచి ఇంజనీరుగారు వచ్చారు. వైర్లు చూస్తారనుకుంటే వైర్ల జోలికే పోలేదు. చిన్న కంప్యూటరు తీసి, దానికో కేబులు తగిలించి, మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారండీ?" అనడిగాను.

"అరగంట అరగంటకీ ఎంత వాడారో ఇది లోపల దాచుకుంటుందండీ. అది పైకి తీస్తున్నాను. మీటరు పెట్టిన రోజే మేనేజరుగారు మీకు చెప్పారుగా" అన్నారాయన.

అప్పుడు నాకు నా రాడ్డు గుర్తుకొచ్చింది. తెరమీద ఒక గీత కదిలింది. రాత్రంతా నేలబారుగా సాగి, ఐదున్నర దగ్గర కొండలా లేచి, ఆరున్నరకు దిగి, మళ్ళీ పగలంతా బుద్ధిగా నడిచింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. "వైరింగు బ్రహ్మాండంగా ఉంది సార్. పొద్దున్నే ఎవరో ఏదో పెద్దది వాడుతున్నారు. ఇదిగో, ఈ మూడు రోజులు మాత్రం వాడలేదు" అన్నారు ఇంజనీరుగారు. ఆ మూడు రోజులూ నేను మా అక్క కొడుకు బారసాలకి సెలవుపెట్టి ఊరెళ్ళాను.

మేనేజరుగారు తలెత్తారు. తుడవడానికి వచ్చే పిన్ని చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గది పోయింది, ఉద్యోగం కూడా పోతుందేమో అనుకుంటున్నాను. అప్పుడు వెనకనుంచి ఐటీఐ గొంతు వినబడింది.

"నానే సార్. టాంకీ నిండడానికని పొద్దుటేల బయటనుండి మోటారేత్తన్నాను."

"మరి ఆ మూడు రోజులు?"

"ఆ మూడ్రోజులూ టాంకీ నిండుగానే ఉన్నాది సార్."

నేను తప్పించుకున్నాను. నోరు మూసుకుని నిలబడితే చాలు, గది కూడా నాదే అయ్యేది. కానీ మేనేజరుగారు ఊరుకోలేదు. లేచి వెళ్ళి మళ్ళీ ఆ భుజం మీదే చెయ్యి వేశారు. "అదీ మనిషంటే! పదిమందిలో తన తప్పు తానే ఒప్పుకున్నాడు చూడండి. ఎంత గొప్ప గుణం! ఇలాంటివాడు మన ఆఫీసులో ఉండడం మన అదృష్టం" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పనిలో అతనే, పాటలో అతనే గొప్ప. చివరికి నేను చేసిన తప్పు ఒప్పుకోవడంలో కూడా అతనే గొప్పవాడైపోవాలా? ఆ ఒక్కటైనా నాకు దక్కకూడదా? "మోటారు కాదు సార్!" అని అరిచాను. "నా బకెట్టు సార్! వేణ్ణీళ్ళు! రోజూ స్నానం చేస్తున్నది నేను!"

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అదేటో, పొద్దున్నే గచ్చంతా తడిసిపోయుంటాది, టాంకీ కారతందేమో అనుకున్నాను బావూ" అంది. ఇంజనీరుగారు కంప్యూటరు మూసి, నవ్వు ఆపుకోలేక కిటికీవైపు తిరిగారు. మేనేజరుగారు నవ్వలేదు. నా దగ్గర తాళాలు తీసుకుని ఐటీఐ చేతిలో పెట్టి, ఇన్‌ఛార్జి పనీ మేడమీద గదీ అతనికే ఇచ్చారు. నా ఉద్యోగం మాత్రం ఉంచారు. నా గొప్ప గుణం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

సాయంత్రం ఐటీఐ నన్ను రోడ్డుమీద అందుకున్నాడు. కోపంగా ఉన్నాడు. అతనికి కోపం రావడం నేను చూడడం అదే మొదలు.

"నీకు మొదటినుంచీ తెలుసా?" అనడిగాను.

"రోజూ మీటరు సూసీవోడికి తెల్దేటి? తొలివారమే తెలిసింది. సలికి నీలు కాసుకోడం తప్పేటన్నా? ఊరుకున్నాను."

"మరి ఇప్పుడు కోపమెందుకు?"

"నన్నిన్నాళ్ళూ ఫ్యూజులేసీవోడనే మెచ్చుకున్నారు. మంచోడని అనడం ఈయేలే. అదీ ఓ నిమిసం ఉండనిచ్చినావు కావు!"

నడిరోడ్డుమీద నిలబడి ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ముందు అతను నవ్వాడు, తరువాత నేను. "రేపు బేగి రా. నా గదిలో కాసుకుందువు గాని" అన్నాడు. ఆ చలికాలమంతా అతని గదిలోనే స్నానం చేశాను. ఆ వేణ్ణీళ్ళు పోసుకుంటూ కూడా, ఈ గది నాది కావలసింది అని ప్రతి చెంబుకీ ఒకసారి అనుకున్నాను.

ఇన్నేళ్ళ తరువాత తలుచుకుంటే ఆ కుర్రగుమాస్తా మీద నాకు జాలీ వేస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. పదిమందిలో నష్టపోతానని తెలిసి కూడా నేను చెప్పిన నిజం నా జీవితంలో అదొక్కటే. అది కూడా నిజాయితీతో కాదు, కుళ్ళుతో చెప్పాను. మొన్న ఎవరో కనబడి, ఐటీఐ ఇప్పుడు కొండమీద పెద్దపెద్ద భవనాలకు కరెంటు పనులు చేయిస్తున్నాడనీ, ఎవరినడిగినా మంచివాడనే చెబుతారనీ అన్నారు. వినగానే కడుపులో కాస్త మండింది. ఆ తరువాత చాలాసేపు నవ్వుకున్నాను.