తాగకుండా అందించిన గిన్నె

మిషనమ్మ అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. బట్టలు కుట్టే మనిషి. పొద్దున్నే తలుపు తీసి మిషను ముందు కూర్చుందంటే కాళ్లూ ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. భర్త పోయినప్పుడు పెట్టె మోసింది చర్చివాళ్లే. ఆ మిషను కొనిపెట్టిందీ వాళ్లే. నీకు నా అన్నవాళ్లు ఎవరని ఎవరైనా అడిగితే, ఆదివారం తన బెంచీ మీద కూర్చునేవాళ్లను వరసగా చెప్పుకుపోయేది.

ఆ చర్చిలో ప్రభువు బల్ల నెలకోసారి. ద్రాక్షరసం ఒకే గిన్నెలో పోసి, చేతుల మీదుగా బెంచీలన్నీ తిప్పుతారు. ఎవరైనా తాగకుండా పక్కవాళ్లకు అందించారంటే, మనసులో ఎవరి మీదో ఏదో పెట్టుకున్నారని అర్థం. ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడాలి, ఆ తర్వాతే గిన్నె. పెద్దల నాటి నుంచీ అదే పద్ధతి.

దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోయేసరికి మిషనమ్మ ఆస్పత్రికి వెళ్లింది. టీబీ అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక ఇక ఏదీ బుర్రకెక్కలేదు. నర్సమ్మ ఏదో చెబుతూనే ఉంది, ఈమె మాత్రలు సంచిలో వేసుకుని బయటపడింది. దారంతా ఒకటే గుబులు. ఈ సంగతి తెలిస్తే తన పక్కన ఎవరు కూర్చుంటారు? చావంటే అంత భయం వేయలేదు గానీ, తన పక్కన బెంచీ ఖాళీ అవుతుందనే భయపడింది.

సరే, నోరు మూసుకుని ఉంటాను, గిన్నెకు మూతి మాత్రం ఆనించను, అప్పుడు ఎవరికీ అంటదు అనుకుంది. ఆ నెల గిన్నె వచ్చింది. పెదవికి ఆనించకుండా పక్కనున్న బేకరీ అక్కకు అందించింది. మరుసటి నెలా అంతే. వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. బేకరీ అక్కతోనే చెడిందని తేల్చేశారు. పాస్టరమ్మ పిలిచి మెల్లగా అడిగితే ఏం లేదమ్మా అని తప్పించుకుంది. ఎప్పట్లాగే గొంతెత్తి పాటలు పాడింది, బేకరీ అక్క మనవరాలిని ఒళ్లో వేసుకుని జోకొట్టింది.

మాత్రలకని మళ్లీ వెళ్లినప్పుడు నర్సమ్మ, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది. ఎవరూ లేరంది. మరి పక్కన కూర్చునేవాళ్లు, పిల్లలు అని రెట్టించి అడిగితే, గిన్నె సంగతి చెప్పి, నేను జాగ్రత్తగానే ఉన్నాను కదా అంది. నర్సమ్మ తల పట్టుకుంది.

“గిన్నెతో కాదమ్మా వచ్చేది. దగ్గుతో, గాలితో. మూతికి గుడ్డ కట్టుకోమని మొదటి రోజే చెప్పానా లేదా? నీ దగ్గర మసిలినవాళ్లందరికీ పరీక్ష చెయ్యాలి. పసిపిల్లలుంటే ముందు వాళ్లకి.”

ఇల్లు చేరేసరికి గుమ్మంలో బేకరీ అక్క నిలబడి ఉంది, చంకలో మనవరాలు.

“ఇంక నావల్ల కాదు చెల్లీ,” అంది బేకరీ అక్క. “చర్చిలో పాటలు పాడేవాళ్ల బట్టలు కుట్టడానికి నీకివ్వొద్దని కమిటీలో అన్నది నేనే. నీది నత్తనడక, టైముకి అందవని అన్నాను. ఎవరో నీ చెవిన వేసే ఉంటారు. తప్పే, ఒప్పుకుంటున్నా. ఆ గిన్నె తాగు, నన్ను నలుగురిలో నిలబెట్టకు.”

మిషనమ్మకు ఆ సంగతే తెలియదు. ఇంకోసారైతే ఆ నత్తనడక మాట పట్టుకుని నెల్లాళ్లు దెప్పేది. నవ్వు రాబోయి దగ్గయింది. పిల్ల ఆమె వైపు చేతులు చాచింది. మిషనమ్మ వెనక్కి వెళ్లి గోడకు కరుచుకుపోయింది.

“దాన్ని నాకివ్వకు. నాకు టీబీ అక్కా. పిల్లకి పరీక్ష చేయించాలంట.”

బేకరీ అక్క పిల్లను గుండెకు అదుముకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

ఆదివారం మిషనమ్మ చర్చికి వెళ్లలేదు. తలుపేసుకుని కూర్చుంది. వీధి చివరి నుంచి పాటలు వినబడుతున్నాయి. పాట ఆగినప్పుడల్లా, ఇప్పుడు నా సంగతే చెప్పుకుంటున్నారు అనుకుంది. ఆ తర్వాత పిల్ల గుర్తొచ్చింది. దానికేమైనా అయితే అన్న ఆలోచన చివరిదాకా వెళ్లడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మర్నాడు తలుపు చప్పుడైంది. బేకరీ అక్కే. గుమ్మం దాటలేదు.

“నీ మీద కోపం పోలేదు. పిల్ల సంగతి తేలేదాకా పోదు. కోడలు ఒకటే ఏడుపు. దాన్నీ పిల్లనీ వెంటేసుకుని నేనొక్కదాన్నీ ఆస్పత్రికి వెళ్లాలంటే కాళ్లాడట్లేదు. మూతికి గుడ్డ కట్టుకుని రా.”

ఆస్పత్రిలో కోడలు పిల్లను పరీక్షకు లోపలికి తీసుకెళ్లింది. వీళ్లిద్దరూ వరండాలో బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు.

“ప్రార్థన చెయ్యి,” అంది బేకరీ అక్క.

“మాటలు రావట్లేదక్కా.”

“నాకూ రావట్లేదు. లేచి వెళ్లిపోకు, అంతే.”

లోపల పిల్ల ఏడుపు మొదలైంది. ఇద్దరూ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.