ముందు ఊరిని అడుగు

ఫిజీలో లబాసా బళ్లో పాఠాలు చెబుతూ నాలుగేళ్లయింది. శాశ్వత నివాసం ఫారం సంచిలో పెట్టుకుని, పంపనా మాననా అనుకుంటూ సావుసావు వెళ్లే బస్సెక్కాను. పక్కసీట్లో వునిమోలి ఊరి చెరకు రైతు అప్పలమ్మ, తాతలనాటి తెలుగు హిందీతో కలిసి మిగిలిన ముసలావిడ. సంగతి చెప్పాను.

"గవర్మెంటుకి తర్వాత పంపు, బేటా. పహిలే ఊరోళ్ళకి అడుగు" అంటూ, దారిలో తన ఫిజియన్ స్నేహితురాలి ఊళ్లో నన్నూ దింపేసింది.

తను తెచ్చిన యంగోనా మొక్క వేళ్ల కట్ట నా చేతికిచ్చి, ఊరిపెద్ద ముందు పెట్టమంది. ఊళ్లోకి రానివ్వమని అడగడం అలాగేనట. ఆయన కట్ట అందుకుని ఏదో అనగానే సభలోలా చప్పట్లు దంచేశాను. అక్కడ చేతులు దొప్పల్లా పట్టి, నెమ్మదిగా కొట్టాలి! ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ వేళ్లు దంచి నీళ్లలో కలిపి, కొబ్బరిచిప్పలో పోసిన యంగోనా తాగి, నాలుక మొద్దుబారి, నేనూ నవ్వాను.

భోజనాలయ్యాక స్నేహితురాలు గిన్నెల గుట్ట చూపించి నా చేతికి పీచు ఇచ్చింది.

"చుట్టానికి పని ఎవరు చెప్తారు? ఇంటోడివి అయిపోయినావు, బేటా" అంది అప్పలమ్మ.

నాలుగేళ్లలో ఈ దేశంలో నన్ను గిన్నెలు కడగమన్నవాళ్లే లేరు. ఎగిరి గంతేయాలనిపించింది. ఫారం అక్కడే తీసి, సబ్బు చేత్తోనే సంతకం పెట్టేశాను.