పొగలో పోయిన చుట్టు

మొగుడి కారు చప్పుడును వెల్డా టీగ్ ముప్పై కార్ల రొదలో ఉన్నా ఇట్టే పోల్చుకునేది. ఆ చెవులే ఆమె కొంప ముంచాయి.

ఇవాళ కారు పందెమంటే టీవీ. తెర కింద అంకెలు పరుగెడుతుంటాయి. ఎవడు ఎన్ని చుట్లు ముందున్నాడు, ఎవడి వేగమెంత, ఎవడు ఎవణ్ని గుద్దాడు, అన్నీ తిప్పి తిప్పి చూపిస్తారు. మా నార్త్ కారొలైనాలో ఆ రోజుల్లో ఈ సరంజామా ఏదీ లేదు. లెక్క రాసింది ఆడవాళ్లు. డ్రైవర్ల పెళ్లాలు, అక్కచెల్లెళ్లు. ఎవరి కారుకు లెక్క రాసే మనిషిని వాళ్లే తెచ్చుకోవాలి, అదీ కట్టుబాటు. పందెం గీతకు ఎదురుగా చెక్కల గట్టు మీద అందరూ వరుసగా కూర్చునేవాళ్లు. తన కారు గీత దాటగానే గడియారం చూసి కార్డులో ఒక గడి నింపాలి. రెండు వందల చుట్లకు రెండు వందల గడులు. మధ్యలో దాహమేసినా, పక్కన కొంపలంటుకున్నా తల తిప్పడానికి లేదు. పక్కవాళ్ల కారు వంక చూడటానికి లేదు. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది: కంటితో చూస్తేనే రాయాలి.

ఆడవాళ్లకు బండ్ల గురించి ఏం తెలుసని ఇంట్లో వెక్కిరించే మగాళ్లే, తమ గెలుపోటములన్నీ ఆ ఆడవాళ్ల పెన్సిలు మొన మీద పెట్టి కార్లెక్కేవాళ్లు. విడ్డూరం కాకపోతే ఏమిటి!

వెల్డా వారమంతా సాక్సుల మిల్లులో పని చేసేది. శనివారం వస్తే పెన్సిళ్లు చెక్కుకుని, టమాటా ముక్కలు పెట్టిన బ్రెడ్డు పొట్లం కట్టుకుని ఓడెల్ వెంట బయలుదేరేది. ఓడెల్ పొడుగాటి మనిషి, నోరు విప్పితే వేళాకోళమే. తుక్కు కొట్టులో కొన్న కారును ఇంటి వెనక రేకుల పాకలో తనే విప్పి, తనే బిగించుకుని పందేలకు దిగేవాడు. దాని పొగగొట్టంలో ఎడమవైపు ఒక చీలిక ఉండేది. ఎంత అతికినా మళ్లీ విచ్చుకునేది. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలెత్తి మళ్లీ నొక్కినప్పుడల్లా, కఫం పట్టిన ముసలాడు గొంతు సవరించుకున్నట్టు ఆ కారు గరగరమనేది. పాకలోంచి వచ్చే ఆ చప్పుడు వింటూనే వెల్డా వంట చేసుకునేది.

ఓడెల్‌కు జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. ఒక్క పందెం గెలవాలి. రెండో స్థానాలు బోలెడొచ్చాయి, మూడో స్థానాలకు లెక్కే లేదు. "ఒక్కటి చాలు, వెల్డా," అనేవాడు బూట్లు విప్పుకుంటూ. "ఒక్కటి గెలిచాక రెండోది కావాలని అడిగితే నా నోట్లో ఇంత మట్టి కొట్టు." ఆమె నవ్వేది గాని ఆమెకూ అదే కోరిక. పొద్దున్నే ముఖం కడుక్కుంటూ కూడా ఆ గెలుపునే తలుచుకునేది, పిచ్చిది.

అరవై ఎనిమిదో సంవత్సరం సెప్టెంబరులో పైన్ హాలో ట్రాక్ మీద ఆ రోజు రానే వచ్చింది. ఎర్రటి ఎండ. వెల్డా పక్కన ఇమోజీన్ బారింజర్ కూర్చుంది. ఆమె మొగుడు హోయ్ట్ మా కౌంటీలో పేరు మోసిన డ్రైవర్. గెలవడం వాడికి పొద్దున కాఫీ తాగడంతో సమానం. ఇమోజీన్ మా వైపు అలవాటు ప్రకారం కోలా సీసాలో గుప్పెడు పల్లీలు పోసుకుని, ఒక గుక్క తాగి, నములుతూ అంది:

"ఏమే వెల్డా, మీ ఆయన ఇవాళ కూడా రెండోవాడేనా? ఆ రెండో స్థానాన్నేమన్నా కౌలుకు తీసుకున్నాడా ఏమిటే?"

"నోర్ముయ్యవే. పల్లీలు గొంతుకు అడ్డం పడగలవు."

"పడితే నా కార్డు నువ్వు రాయి. మీ ఆయన్ని ఎటూ చూడక్కర్లేదుగా, మా ఆయన వెనకాలే ఉంటాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత జెండా ఊగింది. ఇక మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం ఓడెల్ ఎలా నడిపాడో మా ఊళ్లో ముసలాళ్లను అడగండి, ఇప్పటికీ కళ్లు పెద్దవి చేసుకుని చెబుతారు. సగం పందెం దాటాక హోయ్ట్‌ను దాటి ముందుకొచ్చాడు. వచ్చి, అలాగే ఉండిపోయాడు. వెల్డా ఒక్కో గడి నింపుతూ పోయింది. ఇంకా పన్నెండు చుట్లున్నాయనగా ఆఖరి మలుపులో మూడు కార్లు ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. కాలిన టైర్ల పొగ, దానికి తోడు దారి పక్క నుంచి లేచిన ఎర్రమట్టి దుమ్ము, రెండూ కలిసి గీతను మింగేశాయి. పసుపు జెండా ఎత్తారు, అంటే ఎవరూ ఎవర్నీ దాటకుండా మెల్లగా పోవాలి. ఓడెల్ ఆ మలుపులోకి వెళ్లడం వెల్డా చూసింది. బయటికి రావడం చూడలేదు.

చచ్చాడా, బతికాడా? అంతలో పొగలోంచి వినబడింది. గరగర. కాలెత్తాడు, నొక్కాడు. బతికే ఉన్నాడు! సరిగ్గా గీత దగ్గరే, తన ఎదురుగానే. వెల్డా కళ్లు తుడుచుకుని గడియారం చూసి గడి నింపింది. చేతికి అలవాటైన పని, ఆలోచించలేదు. ఆ గడి ఖాళీగా వదిలితే మొగుణ్ని అక్కడ వదిలేసినట్టు అనిపించింది ఆమెకు.

మళ్లీ కనబడేసరికి ఓడెల్ కారు అవతలి వైపు దారి మీద మెల్లగా పోతోంది. దారి శుభ్రం చేశారు. మిగిలిన చుట్లు తిరిగారు. ఓడెల్ మొదటివాడిగా వచ్చాడు.

ఆ పావుగంట గురించి ఎంత చెప్పినా తక్కువే. కారు మీదెక్కి గెంతాడు. వెల్డాను ఎత్తి గిరగిరా తిప్పాడు. మోకాలెత్తున్న కప్పు చేతిలో పెట్టారు. "చూశావా పిల్లా! చూశావా!" అంటూ అరిచాడు. అతని ముఖమంతా మసి, ఆ మసిలో కన్నీళ్ల చారలు. ఆమె కూడా ఏడ్చేసింది.

అంతలోనే హోయ్ట్ ఫిర్యాదు చేశాడు. ఓడెల్ ఆ పొగలో గీత దాటనే లేదట. గుద్దుకున్న కార్లను తప్పించుకోవడానికి లోపలి గడ్డిలోకి దిగి, అడ్డంగా కోసుకుని అవతలి దారిలో తేలాడట. అంటే ఒక చుట్టు తక్కువ. అది కొట్టేస్తే గెలుపు హోయ్ట్‌ది. గడ్డిలో చక్రాల జాడలు అరడజను కార్లవి కలగాపులగంగా ఉన్నాయి. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

లెక్కల పెద్ద ప్రూయిట్ అందరినీ టిక్కెట్ల గదిలోకి పిలిచాడు. వారమంతా విత్తనాల కొట్టు నడుపుకునే మనిషి, చెడ్డవాడు కాదు. ముందు ఓడెల్‌ను అడిగాడు.

"దాటానండీ. ఆ గీత కిందే తారు అతుకుంది కదా, అది నా నడుముకు తగిలింది. గడ్డిలో అతుకెక్కడిది?"

"నడుము సాక్ష్యం చెల్లదయ్యా. ఇమోజీన్, నువ్వేమైనా చూశావా?"

"నేను మా ఆయన కారు తప్ప ఇంకోటి చూడనండీ. మీరు పెట్టిన నియమమేగా!"

ప్రూయిట్ వెల్డా కార్డు బల్ల మీద పెట్టి ఆ గడి మీద వేలుంచాడు. "ఇది నువ్వే రాశావా, తల్లీ? ఓడెల్ గీత దాటడం చూశావా?"

అప్పుడు వెల్డా నవ్వింది. అయ్యో, ఎందుకు నవ్వావు తల్లీ అని ఇప్పుడనిపిస్తుంది గాని, ఆ క్షణాన ఆమెకు భయమే లేదు. గర్వంగా కూడా ఉంది.

"ఆ పొగలో ఎవరికేం కనబడుతుందండీ? విన్నాను. మా ఆయన కారు గొంతు నాకు తెలియదా? కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టండి, ఎన్నోసారి పోయాడో చెబుతాను."

హోయ్ట్ పకపకా నవ్వాడు. "విందటయ్యా! చూడలేదట, విందట!"

ప్రూయిట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, ఆయన ఇంకో అవకాశం ఇచ్చాడనే అనాలి. "మళ్లీ అడుగుతున్నానమ్మా, నిదానంగా చెప్పు. కంటితో చూశావా, లేదా?"

వెల్డాకు అప్పుడు తెలిసొచ్చింది. ఓడెల్ వంక చూసింది. అతను కప్పును రొమ్ముకు హత్తుకుని నిలబడి, తల కొంచెం కిందికీ పైకీ ఆడించాడు. చూశానని అను. ఆ ఒక్క మాట అను. ఆమె నోరు తెరిచింది. పొగలో ఏమీ కనబడలేదని ఇందాకే ఇంతమంది ముందు అనేసింది. ఇప్పుడెలా మార్చడం?

"లేదండీ," అంది.

ప్రూయిట్ ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టాడు. ఓడెల్ కప్పును బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు.

ఇంటి వాకిట్లో బండి ఆపాక, స్టీరింగు వదలకుండా అన్నాడు:

"ఒక్క మాట, వెల్డా. చూశానంటే సరిపోయేది."

"నేను నిజంగా విన్నాను, ఓడెల్."

"నీ చెవుల సంగతి ఎవరడిగారే?"

ఇక జన్మలో అతను ఆ విషయమై ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. తిట్టినా, గిన్నెలు విసిరినా బాగుండేది. తర్వాత కూడా ఆమెనే లెక్క రాయడానికి తీసుకెళ్లాడు. ఆమె రెప్ప వాల్చకుండా, కళ్లు మండి నీళ్లు కారుతున్నా చూసింది. ఏం లాభం? కొత్త కార్లతో, డబ్బున్న జట్లతో కుర్రాళ్లు దిగారు. ఓడెల్ నాలుగోవాడయ్యాడు, ఏడోవాడయ్యాడు, ఆపైన పదిలో కూడా లేకుండా పోయాడు. ఒకనాడు ఆ కారును కొన్న తుక్కు కొట్టుకే అమ్మేసి వచ్చాడు. కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. వేళాకోళాలు మానేశాడు.

ఏళ్ల తరబడి విన్న ఇంజిన్ల మోత అతని చెవులు తినేసింది. యాభై దాటేసరికి పిడుగు పడ్డా పలికేవాడు కాదు. ఆదివారం టీవీలో పందెం పెట్టుకుని, చప్పుడు పూర్తిగా తగ్గించి కూర్చునేవాడు. ఇప్పుడు కార్లలో ఏదో డబ్బా పెడుతున్నారు, గీత మీద చీమ పాకినా పట్టేస్తుంది. తెర కింద ఆ అంకెలు పోతుంటే వేలు పెట్టి చూపించేవాడు. "అది ఉంటే చెప్పేది," అనేవాడు. "దాటానని చెప్పేది." వెల్డా తలూపి వంటింట్లోకి వెళ్లిపోయేది.

అక్కడ ఆమె ఏం చేసేదంటే, ఆ గరగరను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేది. చిక్కుడు గింజలు ఉడుకుతుంటే పొయ్యి పక్కన నిలబడి కళ్లు మూసుకునేది. మొదట్లో స్పష్టంగా వినబడేది. పోను పోను అరిగిపోయింది. నిజంగా విన్నానా? వినాలని అంతగా కోరుకున్నాను గనక వినబడిందా? మొగుడు చచ్చాడేమో అని గుండె నోట్లోకి వచ్చిన ఆడదానికి ఆ పొగలో ఏ కారు గొంతైనా అతనిదే అనిపించదా? ఆ అనుమానం ఒకసారి పట్టుకున్నాక వదలలేదు. ఎవరితో చెప్పుకుంటుంది? ఇంట్లో ఉన్నది ఓడెల్ ఒక్కడే.

ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు: "నువ్వు విన్నావు కదూ?"

"విన్నాను, ఓడెల్. విన్నాను." గట్టిగా అరిచింది.

అతను ఆమె పెదాల వంక చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. ఆ వారమే పోయాడు.

మట్టి చేసి వచ్చిన మర్నాడు కౌంటీ పత్రిక నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదస్తురాలు.

"మిసెస్ టీగ్, మీ వారి గురించి నాలుగు ముక్కలు వేస్తున్నామండీ. అంకెలు సరిచూసుకుందామని. పందేలు రెండు వందల పద్నాలుగు. మొదటి పదిలో అరవై ఒక్కసారి. గెలుపులు సున్నా. అంతేనాండీ?"

"ఒకటి," అంది వెల్డా.

"ఏమన్నారండీ?"

"గెలుపు ఒకటి. పైన్ హాలో, అరవై ఎనిమిది."

అమ్మాయి ఏదో తిరగేసిన చప్పుడు. "ఇక్కడ హోయ్ట్ బారింజర్ అని ఉందండీ. ఓడెల్ గారు రెండోవారు. పొగలో ఏదో వివాదం వచ్చినట్టు రాశారు. మీరు ఆ రోజు అక్కడే ఉన్నారా? చూశారా?"

"చూశాను," అంది వెల్డా. ఎంత సులువుగా వచ్చేసింది! "ఎదురుగా కూర్చున్నాను. పొగ మరీ అంతేం లేదమ్మా. గీత దాటడం ఈ కళ్లతో చూశాను. రాసుకున్నావా?"

"రాసుకున్నానండీ. మా ఎడిటర్‌ను అడుగుతాను. రికార్డులో లేనిది వేయకపోవచ్చు. ఏమీ అనుకోకండి."

గురువారం పత్రిక వచ్చింది. మూడో పేజీలో కింద, కారు పక్కన నిలబడి నవ్వుతున్న ఓడెల్ బొమ్మ వేశారు. పందేలు రెండు వందల పద్నాలుగు. గెలుపులు సున్నా.

ఆదివారం వెల్డా టీవీ పెట్టి, చప్పుడు పూర్తిగా తగ్గించి, అతని కుర్చీ పక్కన తన కుర్చీ వేసుకుని కూర్చుంది. తెర కింద అంకెలు పోతున్నాయి. పందెం అయిపోయేదాకా చూసి, అటు తిరిగి, చెవిటి మనిషికి చెప్పినట్టు పెద్ద గొంతుతో అంది:

"ఈసారి చూశాననే చెప్పాను, ఓడెల్."