కారుకు తలంటు

తెనాలి–రేపల్లె పాసింజర్లో నేను ఏ వైపు కూర్చుంటే ఆ వైపే ఎండ వచ్చేది. బాపట్ల నుంచి తెనాలి దాకా మామూలుగానే ప్రవర్తించే సూర్యుడు, రైలు మారగానే నన్ను గుర్తుపట్టేవాడు. ఎనభైల చివర్లో, డిసెంబరులో ఒక రెండో శనివారం మాత్రం ఆ ఎండ సంగతి నాకు పట్టలేదు. తెనాలిలో ఎక్కించుకున్న మెకానిక్ భాయ్ పక్కన కూర్చుని, రేపల్లె ఎప్పటికీ రాకపోతే బాగుండుననుకుంటున్నాను.

రేపల్లెలో మా పెద్దమ్మ ఇంటి షెడ్డులో పెదనాన్న కారు ఉండేది. ఆయన పోయాక ఆరేళ్లుగా అది కదల్లేదు. వెనక సీటును కోళ్లు మాత్రం క్రమం తప్పకుండా వాడుకున్నాయి. నన్ను బాపట్ల కాలేజీ ఉద్యోగంలో చేర్చడానికి పెదనాన్న తీసుకెళ్లింది ఆ కారులోనే. కర్లపాలెం దగ్గర దిగి తోసింది నేనే.

పెద్దమ్మ రిటైరైన టీచరు, గడువులు పెట్టడం అలవాటు. క్రితం వారం నేను వెళ్లినప్పుడే, "పై సోమవారం పాత ఇనుము కొనేవాడు వస్తాడు. ఈలోపు ఇంజను తిరిగితే ఉంచుతా. లేదంటే ఇచ్చేస్తా" అంది.

పెద్దమ్మకు తెలియంది ఒకటుంది. ఆ ఆదివారమే, ఆవిడ ఆరాధనకు వెళ్లినప్పుడు, నేను తలనొప్పి వంకతో ఆగిపోయి కారు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. కారు ముందు భాగంలో దూర్చి తిప్పే హ్యాండిల్ వేస్తే ఇంజను కాస్త కదిలింది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో తలా నాలుగు చుక్కలు నూనె వెయ్యమని మా కాలేజీలో ఎవరో చెప్పారు. నాలుగు చుక్కలు మరీ పిసినారితనంగా అనిపించింది. తలంటుకు ఎవరైనా చుక్కలు లెక్కపెడతారా? కొబ్బరి నూనె సీసా ఖాళీ చేసి, ప్లగ్గులు బిగించి మళ్లీ హ్యాండిల్ వేశాను. ఈసారి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కారును చంపేశానని వారమంతా ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం షెడ్డులో భాయ్ కూడా హ్యాండిల్ వేసి బలమంతా పెట్టాడు. కదల్లేదు.

"ఇంజను పట్టేసిందా నాయనా?" అంది పెద్దమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం బానెట్ మీద నుంచి తియ్యలేదు.

భాయ్ ఒక ప్లగ్గు విప్పి లోపలికి చూశాడు. చలికి నెయ్యిలా పేరుకున్న కొబ్బరి నూనె, కన్నం అంచు దాకా.

"ఏంటి సార్ ఇది? ఎవరు పోశారండి?"

"నేనే భాయ్."

"ఎంత పోశారు?"

"పట్టినంత."

ద్రవాలను ఎంత నొక్కినా కుదించలేమని పన్నెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. కార్లకు మినహాయింపు ఉంటుందనుకున్నాను కాబోలు.

భాయ్ నాలుగు ప్లగ్గులూ విప్పేసి, పక్కకు జరగమన్నాడు. జరిగేలోపే హ్యాండిల్ తిప్పాడు. నూనె గడ్డలు షెడ్డు రేకులకు తగిలి నా తెల్లచొక్కా మీద పడ్డాయి. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టూ తిరిగింది.

"ఏం పట్టెయ్యలేదు అమ్మగారూ, ఇంజను శుభ్రంగా ఉంది. పాయింట్లు, కార్బొరేటర్ చూస్తే రేపోమాపో స్టార్టవుద్ది."

వారం తర్వాత మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చాను. అంతా కొబ్బరి నూనె వాసన. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పెద్దమ్మ పమిట చెంగుతో బానెట్ మీది నూనె తుడిచింది. "ఇనుము వాణ్ణి రావద్దని కబురు పంపుతా. ఏం చెయ్యాలో అన్నీ చెయ్యి నాయనా" అని భాయ్‌తో చెప్పి, నావైపు తిరిగింది.

"ఒరేయ్, నువ్వు మాత్రం ఇంక దీని జోలికి రాకు."